థింక్ ట్యాంకులో నా సంతకం

“నా నోటికాడి బుక్క గుంజుకున్నది నువ్వే అక్కా. ఇగో, గీ కాయితం మీద నీ సంతకమే ఉన్నది.”

“నేను పెట్టింది మీటింగుకు వచ్చినట్టు సంతకం. వచ్చినోళ్లందరు పెట్టిండ్రు.”

“అందరు పెట్టింది ఎనుక. ముందుగాల పెట్టింది నువ్వు. పెట్టి, మిగిలినోళ్లను పెట్టుమన్నది నువ్వు.”

“నోరు జర అదుపుల పెట్టుకో. ఇన్నేండ్ల సంది ఒక్క గోడకు రెండు దిక్కుల బతుకుతున్నం. నీ కడుపు మీద నేను కొడ్తనా?”

“కొట్టినవ్ గదా. నీ మనుమరాలుతోని చదివిపిచ్చుకో, తెలుస్తది.”

ఇదంతా మా గడపలో, అన్నం తిన్న చేయి నేను ఇంకా కడుక్కోకముందే జరిగింది. వచ్చినామె నా తోటికోడలు, మా ఆయన తమ్ముడి భార్య. నా కంటే ఎనిమిదేళ్లు చిన్నది. ఆమె పెళ్లినాడు తలంబ్రాల పళ్లెం పట్టుకున్నదాన్ని నేను. ఎన్నడూ నా ముందు గొంతు పెంచి ఎరగదు. ఆ రోజు కాగితాన్ని నా ముఖానికి అడుగు దూరంలో పట్టి నిలబడింది. నాకు మొదట భయం వేసింది దానికే.

మా ఊరు కరీంనగర్ నుంచి బస్సులో గంట దూరం. మరమగ్గాల ఊరు. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. సాంచె మీద నాడె అటూ ఇటూ ఉరకాలంటే దాని కడుపులో నూలు చుట్టిన కండె ఉండాలి. ఆ కండెలు చుట్టేది మా వీధి ఆడవాళ్లు. పొద్దున సొసైటీ ఆటో వచ్చి ఇంటింటి ముందు నూలు కోన్ల మూట దింపి పోతుంది. ఆ కోన్ల నుంచి ఇంట్లో చిన్న మోటారు మీద కండెలు చుట్టి పెడితే సాయంత్రం వచ్చి తీసుకుపోతుంది. మా వీధిలో పదకొండు ఇళ్లలో ఈ పని ఉంది. అందులో మా ఇల్లు ఒకటి, కానీ నాది పని అనరాదు. కొడుకు సంపాదన మీద ఉన్నదాన్ని, ఊరికే కూర్చోలేక రోజుకు ఒక బుట్ట చుట్టేదాన్ని. తోటికోడలికి అదే బతుకు. ఆరేళ్ల కింద మరిది పోయాక ఆమె పొయ్యి వెలిగింది కండెల మీదనే.

ఆమె చేతిలోని కాగితం సొసైటీ గుమాస్తా ఆ పూటే ఇంటింటికీ పంచి పోయినది, మా గడప మాత్రం ఎక్కలేదు. నిపుణుల నివేదిక ప్రకారం రేపటి నుంచి ఇళ్లకు నూలు దింపడం బంద్, కండెలన్నీ సొసైటీ షెడ్డులోని పెద్ద మిషన్ మీదనే చుట్టబడతాయి అని అందులో ఉంది. ఆ మిషన్ వారం కిందనే లారీలో వచ్చింది. అది దిగుతుంటే మేమంతా పోయి చూశాం. తోటికోడలు దాన్ని చేత్తో తడిమి, “ఎంత నున్నగున్నది అక్కా” అని కూడా అంది. అది ఎవరి పని తీసుకోవడానికి వచ్చిందో అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

కాగితం వెనక నివేదికలోని చివరి పేజీ జిరాక్సు కుట్టి ఉంది. దాని అడుగున అయిదు సంతకాలు. మొదటిది నాది. మూడో తరగతి దాకా నేర్చిన నా వంకర అక్షరాలు నేను గుర్తుపట్టనా? అది హాజరు సంతకం అని ఆమెతో అన్నాను గానీ, ఆ మాట నా నోట్లో ఉండగానే అది అబద్ధమేమో అన్న అనుమానం నాకు మొదలైంది.

సలహా చెప్పేవాళ్లకు ఎన్ని పేర్లు మారాయో నా ఒక్క జన్మలోనే చూశాను. నేను పుట్టింది భైంసా దిక్కు. మా నాన్న, మా మాటలో బాపు, జిన్నింగు మిల్లులో పత్తి మూటలు మోసేవాడు. అక్కడ సగం మంది మరాఠీ మాట్లాడతారు. ఇద్దరి మధ్య తగాదా వస్తే “పంచ్‌లను పిలువుండ్రి” అనేవాళ్లు. పంచ్ అంటే అయిదుగురు అని బాపు చెప్పాడు. ఒకసారి లెక్క చూసి, “నలుగురే ఉన్నరు గదా బాపు” అన్నాను. “అయిదోడు చేను కావలికి పోయిండు. అయినా గీళ్లను పంచ్‌లనే అంటరు. నువ్వు నోరు మూసుకొని ఇను” అన్నాడు. మనుషులు తక్కువైనా పేరు అలాగే ఉంటుందని అప్పుడే తెలిసింది.

పెళ్లయి ఈ ఊరు వచ్చాక ఆ మాట వినపడలేదు. ఇక్కడ పెద్దమనుషులు అనేవాళ్లు. అన్నదమ్ముల పాలు, గోడల తగాదాలు, మొగుడూపెళ్లాల కయ్యాలు, నూలు మురిగిన పంచాయితీలు అన్నీ వాళ్ల ముందుకే వచ్చేవి. అందరూ మగవాళ్లే. ఆడవాళ్లం దర్వాజ దగ్గర నిలబడి వినేవాళ్లం. తర్వాత సొసైటీ పెట్టారు, కమిటీ అన్న మాట వచ్చింది. మనుషులు వాళ్లే. సొసైటీ లెక్కలకు కుర్చీలు వేసుకునేవాళ్లు, తగాదాలకు మాత్రం ఆ పాత చాపే.

నన్ను వాళ్ల మధ్యకు పిలిచింది ఒక రంగు తగాదాలో. నేసిన బట్టకు రంగు దిగిపోతున్నదని కొన్నవాడు, కాదు వాడే తడిపి చెడగొట్టాడని నేసినవాడు. ఎవరికీ తేలలేదు. నేను దర్వాజ దగ్గర నుంచే ఒక పోగు అడిగి, తడిపి, నా చీర తెల్ల కొంగు మీద రుద్ది చూపించాను. రంగు ఉడకనే లేదని తేలిపోయింది. అప్పటి నుంచి నూలు సంగతి వస్తే “ఆమెను అడుగుండ్రి” అనడం మొదలైంది. మా ఆయన పోయాక ఆ చాప మీద నాకూ చోటిచ్చారు.

ఆ కూర్చోవడంలో ఒక పద్ధతి ఉండేది. తీర్పు చెప్పకముందే, తెల్లకాగితం మీద ఇటువాళ్లు, అటువాళ్లు, పెద్దమనుషులు అందరూ సంతకాలు పెట్టాలి. రాత తర్వాత. తీర్పు విన్నాక ఓడినవాడు సంతకం పెట్టకుండా లేచిపోతాడు, అందుకని. సంతకాలు అయ్యాక చదువు వచ్చిన ఒకాయన అక్కడే కూర్చుని పైన రాసేవాడు. రాసింది మూడుసార్లు గట్టిగా చదివేవాడు. చదవడం అయ్యేదాకా ఒక్కరు కూడా చాప మీద నుంచి లేవరాదు. దాహం వేసినా సరే. సంతకం అంటే మాకు మాట ఇచ్చినట్టు. రాత దాని వెనక నడిచి వచ్చేది.

పోయిన చలికాలం సొసైటీ హాలులోకి హైదరాబాద్ నుంచి ముగ్గురు వచ్చారు. ఇద్దరు సార్లు, ఒక పడుచు మేడం. గోడకు బ్యానరు కట్టారు. మేం థింక్ ట్యాంక్ వాళ్లం, మరమగ్గాల పని బాగుపడటానికి సర్కారుకు సలహాలు రాసిస్తాం అన్నారు. ఊళ్లో అనుభవం ఉన్న అయిదుగురిని కూడా అందులో కలుపుకుంటామన్నారు. సొసైటీ చైర్మన్ తనతో కలిపి నలుగురు మగవాళ్ల పేర్లు, నా పేరు ఇచ్చాడు. ఆ పూట నేను గంజి పెట్టిన చీర కట్టుకుని పోయాను. ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మెడలో ఒక కార్డు తగిలించారు. ఇన్నేళ్లలో నా మెడకు పుస్తెలతాడు తప్ప ఇంకొకటి తగిలింది లేదు. దాచడమెందుకు, ఒళ్లు పొంగింది.

“నష్టం ఎక్కడ వస్తుందమ్మా? మీకు తెలిసింది చెప్పండి” అంది మేడం.

నాకు వృథా అంటే పడదు. చిన్నప్పటి నుంచి అంతే. నేలన పడ్డ గింజ ఏరకుండా దాటిపోతే కోడలిని తిట్టే మనిషిని. మా వీధి ఆడవాళ్లు కండె అడుగున నూలు ఉండగానే పక్కన పడేయడం చూసి చూసి ఉన్నాను. మనసులో ఉన్నదంతా కక్కేశాను.

“కండె అడుగున జానెడు జానెడు నూలు ఉండంగనే పారేస్తరు మేడం. గా నూలంత ఒక్కకాడ పోగేస్తె చీరలకు చీరలే అయితయి. ఒక్కలకు భయం లేదు. ఇండ్లల్ల పనంటే గట్లనే ఉంటది.”

మేడం గబగబా రాసుకుంది. సార్లు తల ఊపారు. ఇంకెవరూ ఏమీ అనలేదు. పంచాయితీలో అయితే అటువాళ్లు వెంటనే లేచి బదులు చెప్పేవాళ్లు, నా మాట సగం అక్కడే కొట్టుకుపోయేది. ఇక్కడ అటువాళ్లు ఎవరూ లేరు. తోటికోడలు ఆ సమయానికి హాలు బయట చాయ్ గ్లాసులు కడుగుతోంది. వచ్చినవాళ్లకు చాయ్ పోయమని ఆమెను అక్కడ నిలబెట్టింది కూడా నేనే.

లేచే ముందు మేడం అంది, “మీ సంతకాలు తర్వాత తీసుకుంటాం. రిపోర్టు తయారయ్యాక మళ్లీ వస్తాం.”

నాకు అది నచ్చలేదు. మా ఊరి పద్ధతి తెలియని పిల్ల అనుకున్నాను. “ఇగ మల్ల వచ్చుడెందుకు? పెట్రోలు దండుగ. కాయితం తెండ్రి, సంతకం పెడ్తం. మీరు నిమ్మలంగ రాసుకోండ్రి” అన్నాను.

“ఇంకా ఏమీ రాయలేదమ్మా. ఖాళీ కాగితం మీద ఎట్లా?”

“మా తాన ముందుగాల సంతకమే. మాట మీద నమ్మకం లేనోళ్లా మీరు?”

పిల్ల పెద్దసారు వైపు చూసింది. పెద్దసారు నవ్వి, “పెద్దావిడ అంటున్నారు కదా, తీసుకో” అన్నాడు. మొదట నేను పెట్టాను. మిగిలిన నలుగురు మగవాళ్లు వెనకాముందూ ఆడుతుంటే, “పెట్టుండ్రి, ఏం సిగ్గు” అని గదమాయించాను. వాళ్లూ పెట్టారు. కారు వెళ్లిపోయింది. చాప మీద నుంచి లేవకుండా మూడుసార్లు చదివించుకునే భాగం ఆ రోజు జరగలేదు. అది నాకు తట్టనే లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు థింక్ ట్యాంక్ అన్న మాట మా వీధి నోళ్లలో నానింది. హోటల్ దగ్గర రాజకీయాలు మాట్లాడే ముసలివాళ్లను థింక్ ట్యాంక్ అన్నారు. పెళ్లిలో ఎన్ని కిలోల బియ్యం పొయ్యాలో వాదించుకునే మేనమామలను థింక్ ట్యాంక్ అన్నారు. పేపర్లో పార్టీలకూ అదే, టీవీలో క్రికెట్టుకూ అదే. నా దగ్గరికి వచ్చి కూరగాయల ఆమె కూడా, “ఏం థింక్ ట్యాంకవ్వా, ఇయ్యాల బీరకాయనా, బెండకాయనా?” అని పరాచికమాడేది. నేను కసిరేదాన్ని గానీ లోపల ఇష్టంగానే ఉండేది. మనుమరాలు పొద్దెక్కి లేస్తే, “గీ ఇంట్ల థింక్ ట్యాంక్ నేను. నేను చెప్పినట్టు లెవ్వాలె” అని దబాయించిన రోజులున్నాయి. తోటికోడలు గోడ అవతల నుంచి విని నవ్వేది.

ఇప్పుడు ఆ తోటికోడలే గడపలో కాగితం పట్టుకుని నిలబడింది. నేను చేయి కడుక్కుని మనుమరాలిని పిలిచాను. పిల్ల డిగ్రీ అయిపోయి సర్కారు నౌకరి పరీక్షలకు చదువుతోంది. నివేదిక మొత్తం ఫోనులో ఉన్నదని వెతికి తీసింది. ఒక్క అక్షరం వదలకుండా చదవమన్నాను. తోటికోడలు కూర్చోమన్నా కూర్చోలేదు.

పేర్ల పట్టికలో ఉన్నాను. ఎదురుగా ‘స్థానిక నిపుణురాలు, సభ్యురాలు’ అని ఉంది. పిల్ల కిందికి పోతూ పోతూ ఒకచోట ఆగింది.

“ఆపినవేంది? చదువు.”

“బాపమ్మా, ఇది...”

“చదువుమన్న.”

పిల్ల చదివింది. “ఇళ్లలో చుట్టే కండెల్లో నూలు పెద్ద ఎత్తున వృథా అవుతున్నదని, ఇంటి పనిలో క్రమశిక్షణ సాధ్యం కాదని స్థానిక నిపుణురాలు స్పష్టం చేశారు. కావున ఇళ్లకు నూలు పంపిణీ నిలిపివేసి, షెడ్డులో యంత్రంపై మాత్రమే కండెలు చుట్టించాలని బృందం ఏకగ్రీవంగా సిఫారసు చేస్తున్నది.”

చెవుల్లో సాంచెలు నడిచినట్టు అయింది. ఎవరో ఏదో మోసం చేసి నా సంతకం పైన తమ మాట రాసుకున్నారని అప్పటిదాకా అనుకుంటున్నాను. ఆ వాక్యం వాళ్లది కాదు. చదువుకున్న మాటలు తొడిగారు గానీ లోపల ఉన్నది నేనన్నదే. ఇండ్లల్ల పనంటే గట్లనే ఉంటది. నా గొంతు నాకే వినిపించింది.

“అన్నవా, అనలేదా అక్కా?” అని తోటికోడలు అడిగింది.

అన్నానని చెప్పాను. అబద్ధం ఆడటం నాకు చేతకాదు. ఆమె కాగితాన్ని మడిచి బొడ్డున దోపుకుని వెళ్లిపోయింది. గోడ అవతల మోటారు చప్పుడు మొదలైంది. ఆ రోజు మిగిలిన నూలు చుట్టాలి కదా.

నేను అక్కడే కూర్చుండిపోయాను. మనుమరాలు నన్ను చూసి భయపడి ఏదో ఒకటి మాట్లాడాలని, తన పరీక్ష పుస్తకంలో ఆ మాట ఎట్లా పుట్టిందో ఉందని చెప్పింది.

“మొదట్ల ఇంగ్లీషోళ్లు తలకాయనే గట్ల అనెటోళ్లట బాపమ్మా, పరాచికానికి. ఆలోచన నింపుకునే తొట్టి అన్నట్టు. పెద్ద యుద్ధం అయితున్నప్పుడు ఫౌజు పెద్దలు తలుపులు బందువెట్టుకొని ఎత్తులు ఏసే గదికి గా పేరు వచ్చింది. యుద్ధం అయిపోయినంక సర్కారుకు సలహాలు చెప్పే సంస్థలన్నిటికి గదే పేరు నిలవడ్డది.”

“తలుపులు ఎందుకు బందువెట్టుకున్నరు?”

“దుష్మన్లు ఇంటరని.”

“మరి మా మీటింగుల తలుపు తెరిచే ఉండె గదా.”

తలుపు తెరిచే ఉండింది, నిజమే. తోటికోడలు ఆ తలుపుకు పది అడుగుల దూరంలో గ్లాసులు కడుగుతోంది. లోపల మా వీధి కడుపు గురించి మాట్లాడుతున్నామని ఆమెకు నేను చెప్పలేదు. నాకే తెలియదు కదా, చెప్పడానికి.

పొద్దు వాలుతుండగా చెప్పులేసుకుని సొసైటీకి పోయాను. చైర్మన్ మా చుట్టపాయన కొడుకే. నన్ను పెద్దమ్మా అంటాడు. కుర్చీ వేయబోతే వద్దన్నాను.

“కొడుకా, గా కాయితం మీద నా సంతకం కొట్టెయ్యి.”

“ఎట్ల కొట్టేస్త పెద్దమ్మా? మిషన్ గా కాయితం మీదనే వచ్చింది. ఒక్క సంతకం పోతె ఏకగ్రీవం పోతది. మిషన్ వాపసు పోతది. మనకు రాక రాక వచ్చింది.”

“పది ఇండ్లల్ల పొయ్యి ఆరిపోతది.”

“నేనేమన్న సంబురంగ ఉన్ననా? నువ్వే అంటివి, ఇండ్లల్ల నూలు పాడైతుందని. నీ అంతటి మనిషి అన్నంక నేనేం అడ్డం చెప్పాలె? నువ్వు చెప్తె తప్పుంటదా అని సంతకం పెట్టినం మేమందరం.”

ఆ మాట నాకు చెంపదెబ్బ తగిలినట్టు తగిలింది. నలుగురూ నన్ను చూసి పెట్టారు. నేను ఎవరినీ అడగకుండా పెట్టాను. అయిదుగురిలో ఒక్కరు కూడా ఆలోచించలేదు.

“ఇగ చేసేది ఏం లేదా?”

“ఆక్షేపణ ఉంటె కరీంనగర్ చేనేత ఆఫీసుల రాసియ్యాలె. సభ్యురాలువు గాబట్టి నువ్వు రాస్తె తీసుకుంటరు. నూలు మాత్రం రేపటి సంది బందే. నా చేతుల లేదు.”

ఇంటికి పోకుండా నేరుగా తోటికోడలి ఇంట్లోకి పోయాను. ఆమె కండెలు బుట్టలో సర్దుతోంది. తల ఎత్తలేదు. నేను కింద కూర్చుని, పక్కన పడేసిన కండె ఒకటి తీశాను. అడుగున జానెడు నూలు ఉంది. నా చేయి అలవాటుగా దాన్ని ఊడదీయబోయింది.

“గా కోను పట్టుకొని చూడు” అంది, నా వైపు చూడకుండానే.

చూశాను. కోను పైపొరల్లో నూలు బాగానే ఉంది. లోపలికి పోయిన కొద్దీ పోగు పలచగా, ముళ్లు ముళ్లుగా ఉంది. ముట్టుకుంటే తెగిపోతోంది. తెగినప్పుడల్లా ఆ కండెను అలాగే పక్కన పడేసి కొత్తది ఎక్కించడమే ఆమె పని అయింది.

“నాకు వచ్చేవి గూడ గిట్లనే ఉంటయి. నేను అతుక్కుంట చుడ్త” అన్నాను.

ఆమె అప్పుడు తల ఎత్తింది. “నువ్వు రోజుకు ఒక్క బుట్ట చుడ్తవ్. కొడుకు పెట్టింది తింటవ్. తెగిన ప్రతి పోగు అతికేటంత పురుసత్ నీకున్నది. నేను ఎనిమిది బుట్టలు చుట్టకుంటె నా పొయ్యి మీదికి గిన్నె ఎక్కది. తెగిన కాడల్ల ఆగుకుంట పోతె ఎప్పుడు చుట్టాలె అక్కా? గీ మాట నన్ను అడిగినవా?”

అడగలేదు. నాడె, కండె, పోగు, రంగు అన్నీ నాకు తెలుసని ఊరంతా నమ్మింది, నేనూ నమ్మాను. గోడకు అవతల ఉన్న మనిషి రోజుకు ఎన్ని బుట్టలు చుడుతుందో నాకు తెలియదు. ఆమె నోట ఎనిమిది అని అప్పుడే విన్నాను. నాకు ఒక్క బుట్టకే మెడ పట్టేస్తుంది.

ఇంటికి వచ్చి మనుమరాలిని కూర్చోబెట్టి రాయించాను. నూలు నాసిరకమని, అందుకే తెగుతుందని, ఆ సంగతి తెలుసుకోకుండా నేను మాట్లాడానని, నా మాట ఆధారంగా రాసిన వాక్యం తప్పని. మిషన్ మీద పనికి మొదట ఈ పదిమంది ఆడవాళ్లనే పెట్టుకోవాలని, ఆ పని దొరికేదాకా ఇళ్లకు నూలు ఆపవద్దని. పిల్ల ‘ఆవేదన’ అన్న మాట ఎక్కడో పెడితే కొట్టేయించాను. అక్కడ ఉన్నది ఆవేదన కాదు, తప్పు.

మరునాడు పొద్దున ఏడింటికి నూలు ఆటో వీధిలోకి వచ్చింది. పది ఇళ్ల ముందూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. కాగితం అందినా ఎవరూ నమ్మలేదు. ఆటో ఆ పదింటి ముందు ఎక్కడా ఆగలేదు. మా ఇంటి ముందు ఆగింది. డ్రైవరు దిగి ఒక మూట మా అరుగు మీద పెట్టాడు.

“ఇదేంది? బంద్ అన్నరు గదా” అన్నాను.

“మీకు దింపుమన్నరు అమ్మా. సభ్యురాలి ఇల్లట. మీరు మంచిగ చుడ్తరని రిపోర్టుల ఉన్నదట, మీ ఇంటిది ఆపద్దన్నరు.”

పది గడపల నుంచి పది మంది చూస్తున్నారు. నేను తల ఎత్తలేకపోయాను. మూటను రెండు చేతులా ఎత్తుకుని తోటికోడలి గడప ముందుకు పోయి పెట్టాను.

“ఇది నీ పేరు మీద వచ్చింది అక్కా” అని ఆమె మోటారు గదికి గొళ్లెం పెట్టింది.

మూట ఆమె గడప ముందే ఉండిపోయింది. డ్రైవరు బీడీ తాగుతూ నిలబడ్డాడు. వాణ్ని పిలిచి మూటను మళ్లీ ఆటోలో పెట్టించాను. సొసైటీలో తిరిగి ఇచ్చేయమని, నేను పంపానని చెప్పమన్నాను. వాడు తల గోక్కుని పోయాడు.

ఎనిమిదిన్నరకు, రాత్రి రాయించిన కాగితం సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచాను. కరీంనగర్ బస్సు నిండుగా ఉంది. ఒక పిల్ల లేచి సీటు ఇచ్చింది. బస్సు కదిలాక వెనక తలుపు దగ్గర తోటికోడలు కనబడింది. తన జిరాక్సు కాగితం చేతిలో పట్టుకుని, తనూ ఆ ఆఫీసుకే బయలుదేరింది. నేను పక్కకు జరిగి చోటు చూపించాను. ఆమె వచ్చి కూర్చోలేదు, రెండు సీట్ల వెనక కమ్మీ పట్టుకుని నిలబడింది. కండక్టర్ మా ఇద్దరి ఆధార్ కార్డులు వేరువేరుగా చూసి, ఆడవాళ్లకు పైసలు లేకుండా ఇచ్చే జీరో టికెట్లు రెండు కొట్టి ఇచ్చాడు.